జెండా కాల్చని ఊరేగింపు

మొన్న ద్వారకా నగర్‌లో బస్సు కోసం నిలబడి, ఎవరో పంపిన వీడియో ఫోన్‌లో చూశాను. అమెరికాలో ఏదో ఊరు. యుద్ధం వద్దంటూ ముసలివాళ్లు, కాలేజీ పిల్లలు, చర్చివాళ్లు, కార్మికులు ఒకే బ్యానరు వెనక నడుస్తున్నారు. ఆ బ్యానరు మీద ఏం రాయాలని వాళ్లెన్ని సాయంత్రాలు పోట్లాడుకుని ఉంటారో నాకు తెలుసు. మేమూ పోట్లాడుకున్నాం.

ఇరాక్ మీద అమెరికా యుద్ధానికి సిద్ధమవుతున్న రోజులవి. మా అక్కను చేసుకున్న బావ హార్బరులో క్రేన్ నడిపేవాడు, యూనియన్‌లో పెద్ద. దేవుడి జోలికి వెళ్లని మనిషి. నర్సుగా రిటైరైన మా పెద్దమ్మ ఎటంటే చర్చి ఆడవాళ్లంతా అటు. ఇద్దరూ కలిసి ఊరేగింపు తలపెట్టారు. పూర్ణా మార్కెట్ దగ్గర ఒక మేడ మీద, ఎండుమిరపకాయల ఘాటుకు తుమ్ముకుంటూ సమావేశాలు జరిపేవాళ్లం. ప్రార్థనతో మొదలుపెట్టాలని చర్చివాళ్లు, నినాదంతో అని యూనియన్‌వాళ్లు. చివరికి టీతో మొదలుపెట్టేవాళ్లం.

ఆ వారం చర్చికి ఒక అమెరికా ఆవిడ అతిథిగా వచ్చింది. వయసులో ఉండగా వియత్నాం యుద్ధం వద్దని వీధుల్లో తిరిగిన మనిషి. సమావేశానికి పిలిచారు. దువ్వాడలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ని గనక అనువాదం నా మెడకు చుట్టుకుంది. బావ మెట్ల మీదే నన్ను ఆపాడు.

"బావా, జెండా కాల్సడం గురించి ఆవిడేటైనా అంటే అది వదిలీ. మావోళ్లు కాల్సడానికని అమెరికా జెండా కుట్టించీసినారు."

ఆవిడ నెమ్మదిగా మాట్లాడింది. తమలో ఒకరికొకరికి పడకపోయినా, 'మా పిల్లల్ని ఇంటికి తీసుకురండి' అన్న ఒక్క మాట దగ్గర అందరూ కలిశారట. అది చెప్పాను. ఒకనాడు కొందరు జెండా కాల్చారట. అదే జెండా కప్పిన శవపెట్టెలో కొడుకును తెచ్చుకున్న ఒక తల్లి, ఊరేగింపులోంచి వెళ్లిపోయిందట. ఆమె వెనక సగం మంది వెళ్లిపోయారట. అది నేను చెప్పలేదు. "కలిసి ఉండమంటున్నారు" అని ముగించాను.

పెద్దమ్మ ఉద్యోగమంతా డాక్టర్ల ఇంగ్లీషు విన్న మనిషని నాకు తట్టలేదు.

"ఒక తల్లి గురించి ఇంకేటో అందిరా ఆవిడ. అదీ సెప్పు."

తల దించుకుని చెప్పాను. బావ గ్లాసు కింద పెట్టి, "జెండా వద్దు" అన్నాడు. అతని యూనియన్‌వాళ్లు చాలామంది లేచి వెళ్లిపోయారు. ఆదివారం బీచ్ రోడ్డులో అనుకున్నదాంట్లో సగం మందిమే నడిచాం. యుద్ధం ఆగలేదు. ఆ తర్వాతి యూనియన్ ఎన్నికల్లో బావ ఓడిపోయాడు.

నా మీద కోపంగా ఉంటాడనుకుంటూ వాళ్లింటికి వెళ్లాను. బావ వీధరుగు మీద చేపలకూరకు చింతపండు పిసుకుతున్నాడు. "ఓడిపోయినందుకేటీ లేదు బావా," అన్నాడు. "ఆవిడ మాట నిన్ను దాసీమన్నాను సూడు, అదే సిగ్గుగా ఉంది."

పెద్దమ్మ మోకాళ్లు పాడయ్యాక ప్రతి ఆదివారం బావే ఆమెను స్కూటరు మీద చర్చికి తీసుకెళ్లేవాడు. తను లోపలికి వెళ్లకుండా గేటు దగ్గర పేపరు చదువుకునేవాడు. ఆమె పోయేదాకా తొమ్మిదేళ్లు అలాగే జరిగింది. ఆనాడు మేం బీచ్ రోడ్డులో కలిసి నడిచింది గంటన్నరే.