నాడా లేని లంగాల కంపెనీ

మెదక్‌లో ఒకే సాయంత్రం, ఒకే మైదానంలో, ఒక కాలనీ ఆడవాళ్లందరి పరువునూ ఊడిపోయే దాకా తెచ్చిన మహానుభావురాలు ఎవరని ఎవరైనా అడిగితే, దయచేసి నా వైపు వేలు చూపించకండి. మీరు చూపించకపోయినా మా సుగుణ వదినె చూపిస్తుంది, అది వేరే సంగతి. ఇప్పుడు నేను చెప్పబోయేది వింటే మీరు కూడా ఒకసారి నడుము తడుముకుంటారు. తడుముకోండి, తప్పు లేదు.

సుగుణ వదినె మా ఆయనకు అక్క. రామాయంపేటలో హైవే పక్కన బట్టల దుకాణం నడుపుతుంది. ఆమె అంటే నాకు కోపం. ఎందుకో చెప్తాను, మీరే న్యాయం చెప్పండి.

అల్లాదుర్గ్‌లో ఒక పెళ్లికి పోయాం. అక్కడ నా లంగా నాడా ముడి బిగుసుకుపోయింది. చీర కట్టే ఆడవాళ్లకు ఈ కష్టం తెలుసు. మగవాళ్లు చెప్పులో రాయి ఇరుక్కుంటే ఎట్లా ఉంటుందో ఊహించుకుని దాన్ని వందతో హెచ్చవేసుకోండి. స్నానాల గదిలోంచి తలుపు సందున మెల్లగా పిలిచాను.

"వదినె, జర లోపలికి రాండ్రి."

వచ్చింది. కూరగాయల కత్తితో వచ్చింది. ఒక్క కోతతో ముడి తెగ్గొట్టింది, పిన్నీసు పెట్టింది, నన్ను కాపాడింది. అంత వరకు బాగానే ఉంది. బయటికి పోయి భోజనాల బంతిలో అందరి ముందర ఏమన్నదో తెలుసా?

"మా మర్దలుకు ముడి ఏసుకునుడొస్తది గని ఇప్పుకునుడు రాదు!"

బంతి బంతంతా నవ్వింది. వడ్డించే వాడు కూడా గరిటె పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వులో నా ఆకులో చికెన్ మెడ ముక్క వేసిపోయాడు. ఏళ్లు గడిచినా నాకు ఆ నవ్వూ గుర్తుంది, ఆ మెడ ముక్కా గుర్తుంది.

రెండోది ఇంకా పెద్దది. నేను కుట్టు నేర్చుకుని, మా పక్కింటి రుక్సానా ఆపాతో కలిసి చీర లోపలి లంగాలు కుట్టడం మొదలుపెట్టాను. రుక్సానా ఆపా చేయి తగిలితే మిషన్ గుర్రంలా పరుగెత్తుతుంది. గుడ్డ మంచిది, కుట్టు గట్టిది. నమూనాలు తీసుకుని వదినె దుకాణానికి పోయాను. వదినె వాటిని తిప్పి చూసింది, లాగి చూసింది, మడతపెట్టి నా చేతిలోనే పెట్టింది.

"మా దుకాణంల పేరున్న మాలే పెడ్తం రజితా. గల్లీల కుట్టినయి పెడితే గిరాకోళ్లు నవ్వుతరు."

ఆ క్షణంలోనే నిశ్చయించుకున్నాను. ఆ దుకాణంలో, సరిగ్గా కళ్లకెదురుగా ఉండే అర మీద, నా మాలు కూర్చోవాలి. వదినె స్వయంగా తన చేతులతో దుమ్ము దులపాలి. ఈ ఒక్క కోరిక తీరేదాకా నాకు అన్నం సహించలేదు. అంటే తిన్నాను, కానీ పగతో తిన్నాను.

మామూలు లంగా కుట్టి ఎవరిని ఓడిస్తాం? ఒకనాడు చాయ్ తాగుతుంటే నాకు ఆ దిక్కుమాలిన ఆలోచన వచ్చింది.

"ఆపా, మనం ఏసుకునే సల్వార్లకు, లెగ్గింగులకు ఎలాస్టికే కద. ఎన్నడన్న జారినయా?"

"తోబా! ఎందుకు జారుతయి?"

"మరి లంగకు ఈ నాడా ఎందుకు? ముడి ఎందుకు? కత్తులెందుకు?"

ఆపా మిషన్ ఆపేసింది. నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"అరే, నిజమే కద! గింత దిమాక్ నీకు యాడికెళ్లి వచ్చిందే?"

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. రుక్సానా ఆపా జీవితంలో చీర కట్టలేదు. నేను పెళ్లిళ్లకూ పండుగలకూ తప్ప కట్టను. చేపలు ముట్టని ఇద్దరు కలిసి చేపల పులుసు హోటల్ పెట్టినట్టు, మేమిద్దరం కలిసి మెదక్ ఆడవాళ్ల నడుములను ఉద్ధరించడానికి బయలుదేరాం.

మా ఆయన మాత్రం ఒక మాట అన్నాడు. పాపం, ఆయన ఏడాదికి ఒక్కసారే పనికొచ్చే మాట అంటాడు. ఆ ఏడాది మాట ఇదే.

"చీరె బరువుంటది కదనే. ఎలాస్టిక్ ఆగుతదా?"

"మీరెన్నడన్న చీరె కట్టిండ్రా?"

"లే."

"మరి గమ్మునుండుండ్రి."

ఆయన గమ్మునున్నాడు. అందుకు ఇప్పటికీ ఆయన మీద కోపంగానే ఉంది. ఇంకో మాట అనొచ్చు కదా?

పరీక్ష చేయలేదని మాత్రం అనకండి. నేనే కట్టుకుని చూశాను. గాలికి ఎగిరిపోయేంత పలచని సింథటిక్ చీర కట్టి, వంటింట్లోంచి వాకిలి దాకా రాణిలా నడిచాను. మెట్లెక్కాను. సోఫాలో కూర్చుని లేచాను. ఎక్కడి లంగా అక్కడే ఉంది. నడుం మీద గీత కూడా పడొద్దని అన్నిటికంటే మెత్తని ఎలాస్టిక్ ఏరి తెచ్చాను. అందరికీ ఒకే కొలత సరిపోతుందని ఫ్రీ సైజు పెట్టాను. కంపెనీకి 'హాయి' అని పేరు పెట్టి, ఎర్ర లేబుల్ కుట్టించాను. ఫోన్ స్టేటస్‌లో 'ముడి లేదు, ముప్పు లేదు' అని రాసి పెట్టాను. ఆ రాత చూసి దేవుడు కూడా ఒకసారి దగ్గి ఉంటాడు.

మొదట్లో ఎంత పేరొచ్చిందంటే, నాకే నా మీద గౌరవం పెరిగిపోయింది. ఇంట్లో పలచని చీరలు కట్టుకునే వాళ్లకు నిజంగానే హాయిగా ఉంది. పక్కింటి లక్ష్మక్క వాకిట్లో నిలబడి వీధంతా వినబడేలా మెచ్చుకుంది.

"నడుం కోసుకపోతలేదే పిల్లా! నీ చేతులు సల్లగుండ!"

సద్దుల బతుకమ్మకు సుగుణ వదినె తల్లిగారింటికి, అంటే మా ఇంటికి వచ్చింది. ఇంకేం కావాలి? చెప్పులు విడిచి లోపలికి రాకముందే అందుకున్నాను.

"వదినె, మన కాలనీల అందరు ఇయ్యాల నా లంగలే కడ్తున్నరు. చూసినంక చెప్పుండ్రి."

వదినె నీళ్లు తాగి, తీరిగ్గా మూతి తుడుచుకుంది.

"గట్లనా? అయితే విను. బతుకమ్మ కాడ అందరు మంచిగున్నరంటే నీ మాలంత నా దుకాణంల పెడ్త. కండ్లకెదురుంగ ఉన్న అర మీద పెడ్త. లేకుంటె మల్ల గీ ముచ్చట నా ముందర తియ్యొద్దు."

"మాటేనా?"

"మాటే. నాక్కూడ ఒకటియ్యి."

ఆ ఒకటీ ఇవ్వకుండా ఉండాల్సింది. వదినె దాని మీద తన గద్వాల పట్టుచీర కట్టింది. ఆ చీర బరువు ఏడాది పిల్లవాడంత. ఆమె ఒక్కతే కాదు, ఆ సాయంత్రం కాలనీ ఆడవాళ్లంతా బీరువాల అడుగున ఉన్న పట్టుచీరలు బయటికి తీశారు. పండుగ కదా మరి. ఆ సంగతి నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

మైదానంలో బతుకమ్మలను నడుమ పెట్టి అందరం చుట్టూ నిలబడ్డాం. వదినె గొంతు కంచు గంట. ఆమె ఒక వరస అంటే మేమంతా ఆ వరస తిరిగి అంటూ, వంగి చప్పట్లు కొట్టి లేచి అడుగు వేయాలి. వంగడం! నేను పరీక్షలో నడిచాను, ఎక్కాను, కూర్చున్నాను. వంగి మాత్రం చూడలేదు.

మొదటి వరసకే నా లంగా చిన్నగా నిట్టూర్చింది. రెండో వరసకు తన అభిప్రాయం స్పష్టంగా చెప్పింది. పక్కకు చూస్తే లక్ష్మక్క ఒక చేయి నడుం మీద పెట్టుకుని, ఒక్క చేత్తో గాలిలో చప్పట్లు కొడుతోంది.

"అక్కా, నడుం నొస్తుందా?"

"నొచ్చుడు కాదే! లంగ జారుతుంది!"

ఎదురుగా ఉన్న వాళ్లను చూశాను. అందరి మోచేతులూ నడుములకు అతుక్కుపోయాయి. రెక్కలు ముడుచుకున్న కోళ్ల మందలా తిరుగుతున్నారు. చప్పట్ల మోత వాన వెలిసినట్టు తగ్గిపోయింది. పాట మాత్రం ఆగలేదు. పాట సందుల్లోంచి గుసగుసలు నా దాకా వచ్చాయి.

"ఏ రజితా, గిదేందే?"

"నీ హాయి పాడుగాను!"

"ఎవ్వలు ఆగకుండ్రే! ఆగితే అందరికి తెలుస్తది!"

మైదానం అంచున కుర్చీల్లో మగవాళ్లు ఫోన్లు ఎత్తి పట్టుకుని వీడియోలు తీస్తున్నారు. పక్క కాలనీ వాళ్లు మెడలు సాచి చూస్తున్నారు. ఇంకొక్క వంగుడు వంగితే మా కాలనీ చరిత్ర జిల్లా అంతటా చేతి ఫోన్లలో తిరుగుతుంది. పారిపోదామనుకున్నాను. కానీ పారిపోవాలన్నా లంగా నిలవాలి కదా.

అప్పుడు సుగుణ వదినె ఏం చేసిందో చూడండి. ఆమె చీర అందరి కంటే బరువు, ఆమె ప్రమాదం అందరి కంటే పెద్దది. ముఖంలో ఒక్క గీత మారలేదు. రాగం తప్పలేదు. అదే వరసలో, అదే కంచు గొంతుతో, కొత్త మాటలు కట్టింది.

"కొంగు ముందుకు తియ్యుండ్రి ఉయ్యాలో!"

అలవాటు ఎంత గొప్పదో! అందరం నోరారా తిరిగి అన్నాం. అంటూనే కొంగు ముందుకు తీశాం.

"నడుము చుట్టూ తిప్పుండ్రి ఉయ్యాలో!"

తిప్పాం.

"గట్టిగ ముడి వెయ్యుండ్రి ఉయ్యాలో!"

వేశాం. ప్రాణాలు ఉగ్గబట్టి వేశాం. లంగా, చీర, పరువు మూడూ ఒక్క ముడితో నడుముకు బిగుసుకున్నాయి. మోచేతులు ఎగిరి బయటికి వచ్చాయి. చప్పట్లు మళ్లీ ఉరిమాయి. అంతటితో ఊరుకుంటే ఆమె సుగుణ వదినె ఎందుకవుతుంది? నా కళ్లలోకి చూస్తూ ఇంకొక వరస అందుకుంది.

"నాడలేని లంగకు ఉయ్యాలో! కొంగె దిక్కాయెనె ఉయ్యాలో!"

కాలనీ అంతా ఆనందంగా తిరిగి పాడింది. నేనూ పాడాను. నన్ను తిట్టే పాట నేనే పాడి, నేనే చప్పట్లు కొట్టాను. మీలో ఎవరికైనా ఇట్లాంటి అవమానం జరిగిందా? జరిగితే ముందుకు రండి, కలిసి బాధపడదాం.

ఒక్క మాట ఒప్పుకోవాలి. నాకు పగ ఉంది, కళ్లు కూడా ఉన్నాయి. ఆ సాయంత్రం ఆ వలయంలో తిరిగిన ఆడవాళ్లలాంటి వాళ్లను నేను మళ్లీ చూడలేదు. నడుం మీద అంత ఉపద్రవం పెట్టుకుని ఒక్కరూ వరస విడిచి పోలేదు. ఒక్కరూ నా పేరు గట్టిగా అనలేదు. వాళ్ల నడుమ సుగుణ వదినె, కొంగు బిగించి కట్టి, యుద్ధానికి పోయే సేనాపతిలా ఉంది.

బతుకమ్మలను సాగనంపి వస్తుంటే పక్క కాలనీ ఆవిడ ఒకామె ఎదురొచ్చింది.

"గా కొంగు కట్టుడు మస్తుగుందక్కా! ఎవరు నేర్పిండ్రు?"

వదినె నా భుజం మీద చేయి వేసింది.

"మా మర్దలు. ఆమెకు బట్టల కంపెనీ ఉన్నది."

చూశారా! పదిమందిలో నన్ను నవ్వులపాలు చేసే అవకాశం చేతికొస్తే వదిలేసింది. ఇప్పుడు నేను ఎవరి మీద అలగాలి? నాకు కోపానికి కారణం లేకుండా చేయడం కూడా అన్యాయమే. దాన్ని కూడా గుర్తు పెట్టుకున్నాను.

తెల్లారి లక్ష్మక్క లంగా మడతపెట్టి తెచ్చి, తిట్టకుండా చాయ్ అడిగి తాగింది.

"గుడ్డ మంచిగుందే. నాడాతోని కుట్టియ్యి, మల్ల కడ్త."

వెనకే అందరూ తెచ్చారు. ఇల్లంతా లంగాల కుప్ప. వదినె రామాయంపేటకు బయలుదేరుతూ ఆ కుప్ప ముందర ఆగింది.

"మాలంత సంచులల్ల ఏసియ్యి."

"ఎందుకు వదినె? నేను ఓడిపోయిన కద."

"బతుకమ్మ కాడ అందరు మంచిగున్నరా లేదా?"

"ఉన్నరు గని, అది మీ పాటతోని..."

"మాట ఇచ్చిన. కండ్లకెదురుంగ పెడ్త అన్న. ఇగ తే."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అల్లాదుర్గ్ సంగతి మర్చిపోదామని కూడా అనుకున్నాను. మొత్తం కాదు, ఆ మెడ ముక్క వరకు.

పండుగ హడావుడి తగ్గాక ఆ అర కళ్లారా చూసుకుందామని రామాయంపేట పోయాను. దుకాణంలో అడుగు పెట్టగానే ఎదురుగా, సరిగ్గా కళ్ల ఎత్తున, నా ఎర్ర లేబుళ్లు! దొంతులు దొంతులుగా నా మాలు! వదినె తన చేతులతో దుమ్ము దులుపుతోంది. నా జీవితాశయం నెరవేరింది. రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని దగ్గరికి నడిచాను.

అర పక్కన ఒక స్టూలు. స్టూలు మీద ఒక ఖాళీ గ్యాస్ సిలిండర్. సిలిండర్ నా మెరూన్ రంగు లంగా తొడుక్కుని ఉంది. మెడ చుట్టూ ఎలాస్టిక్ అచ్చంగా అతికినట్టు పట్టుకుంది. కింద పొడుగు కత్తిరించి, మడతపెట్టి, అంచుకు జరీ కూడా కుట్టించారు. పెళ్లికూతురులా ఉంది.

రేగోడ్ నుంచి వచ్చిన ఒకామె దాని చుట్టూ తిరిగి చూస్తోంది.

"గీ సిలిండర్ గౌను ఆకుపచ్చల లేదా అక్కా?"

"ఉన్నది. మెత్తగుంటది, జారదు. నాది గ్యారంటీ."

నేను నోరు తెరిచాను. "వదినె! గవి లంగలు!"

వదినె దుమ్ము గుడ్డ భుజం మీద వేసుకుని, నా వైపు ఎంతో ప్రేమగా చూసింది.

"ఎరుకే పిల్లా. గని సిలిండర్ వంగదు కద. చప్పట్లు కొట్టదు. బిరాన ఇంక కొన్ని కుట్టు, మాలు అయిపోతుంది."

కుట్టాను. ఇప్పటికీ కుడుతున్నాను. ఆడవాళ్లకు నాడాతో, సిలిండర్లకు ఎలాస్టిక్‌తో. అందుకే మీ అందరి సాక్షిగా, ఎడమ చేయి కుట్టుమిషన్ మీద, కుడి చేయి సొంత నడుము మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను: నా ఒంట్లో ఊపిరి ఉన్నంత కాలం, ఊపిరి పీల్చే దేనికీ మళ్లీ ఎలాస్టిక్ వేయను.