ఖాళీ ఒర

కొలకలూరు జానీ బీ నాటితే కరెంటు స్తంభం కూడా చిగురేస్తుంది. ఈ మాట ఆమె మనవరాలు ఆలియా తెనాలి బస్సులో కండక్టరుతో సహా అందరికీ చెప్పింది. టెన్త్ తప్పి ఇంట్లో కూర్చున్న పిల్లను సాక్ష్యం ఎవరడుగుతారు?

జానీ బీ ఒకప్పుడు పూలు కట్టి అమ్మేది. మోకాళ్ళు మొరాయించాక పెరట్లో గుండ్రటి సిమెంటు నూతి ఒరలు నిలబెట్టి, మట్టి నింపి, నడుమెత్తున మొక్కలు పెంచింది. వంగే పని లేదు కదా అని ఎవరో చక్రాల కుర్చీలో తిరిగే కూతుర్ని తీసుకొచ్చారు. తర్వాత చూపులేని పిల్లలొచ్చారు. వాళ్ళు వాసన పట్టుకుని ఒర నుంచి ఒరకు నడిచేవారు. ఆలియాకు మాత్రం మరువమేదో దవనమేదో ఇప్పటికీ తెలియదు.

నాటే ముందు ఒరలోకి వంగి మొక్క పేరు చెప్పాలి. అది జానీ బీ పెట్టిన పద్ధతి. "పిలవని ఇంటికి నువ్వెళ్తావటే? మొక్కైనా అంతే" అనేది.

ఆ ఒరలు రేపల్లె వైపు పూడ్చేసిన ఒక నూతివి. ఎందుకు పూడ్చారో అమ్మినవాడు చెప్పలేదు, జానీ బీ అడగలేదు.

చివరి ఒర ఖాళీ. అది తనూజది. బడి ఈడు వచ్చి ఎన్నాళ్ళయినా ఆ పిల్ల నోట మాట లేదు. తన మొక్కను తనే పిలవాలని జానీ బీ ఆ ఒరను అలాగే ఉంచింది. తనూజ గుప్పిట్లో దవనం రెమ్మతో వచ్చి, ఒర అంచుకు గడ్డం ఆనించి, లోపలి చీకట్లోకి చూస్తూ నిలబడేది. ఎవరో చెబుతుంటే వింటున్నట్టు తలాడించేది.

ఎండలు ముదిరాక ఆ ఒరలోంచి మాటలొస్తున్నాయని పుకారు పుట్టింది. తల్లులు ఒక్కొక్కరే రావడం మానేశారు. ఒక మిట్టమధ్యాహ్నం తనూజ తల్లి నాగజ్యోతి పిల్లనీ బ్యాగునీ వెంటేసుకుని వచ్చింది.

"బాపట్లలో హాస్టల్లో వేసేస్తానండీ మామ్మగారూ. ఇక్కడుంటే పిల్లకేదో పట్టుకుంటుందంటున్నారు."

"పిల్లేమంటోంది?"

"దానికి మాటుంటే మీ గుమ్మం ఎందుకు తొక్కుతానండీ!"

తనూజ అప్పటికే దవనం రెమ్మతో ఖాళీ ఒర దగ్గరికి చేరింది. జానీ బీ దారం కొస పళ్ళ మధ్య బిగించి మాలకు ముడేస్తోంది. ఆలియా నోటినిండా తాటి ముంజ ఉంది. ఆకు కదలడం లేదు. ఖాళీ ఒర వైపు నుంచి మాత్రం నూతి చలి కాళ్ళకు తగిలింది.

"మరువం" అంది ఒర.

ముసలి గొంతో పసి గొంతో తెలియలేదు. నీళ్ళలోంచి వచ్చినట్టుంది. నాగజ్యోతి కూతురి చెయ్యి పట్టి లాగింది. పిల్ల కదల్లేదు. పెదాలు బిగించే ఉన్నాయి.

"మరువం." ఈసారి ఇంకాస్త పైనుంచి.

తనూజ మొహం ఎర్రబడింది. గుప్పిట విప్పి రెమ్మను ఒరలోకి చాపింది.

"కాదూ! దవనం!"

ఆ కేకకు ప్రతిధ్వని కూడా రాలేదు. నాగజ్యోతి బ్యాగు మీదే కూలబడింది. కాసేపటికి ఆ బ్యాగులోంచే పిల్ల తువ్వాలు తీసి కళ్ళు తుడుచుకుంది. బాపట్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

సాయంత్రం మట్టి పోశారు. ఒర నడుమెత్తే, అయినా గంపలకు గంపలు మింగి, ఎప్పటికో నిండింది.

"నానీ, నీ నోట్లో దారం, నా నోట్లో ముంజ. మరి లోపలున్నదెవరు?" అంది ఆలియా.

"ఎవరైతే నీకేంటే? మరువానికీ దవనానికీ తేడా తెలియని మొద్దు, నీలాగే. పోయి ఆ ముంజ తొక్కలు ఊడ్చు."