తొంభై ఏడు దగ్గర

ఎలక్ట్రానిక్స్ సందులో ఆమెను తొంభైఏడమ్మ అంటారు. వయసును బట్టి వచ్చిన పేరు కాదు, ఆమెకింకా నలభై కూడా నిండలేదు. డిష్ రిసీవర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు తెర మీద అంకె ఒకటి నుంచి వంద దాకా నడుస్తుంది. పనిని తొంభై ఏడు దాకా తెచ్చి పెట్టెను చంపేసే మనిషని ఆ పేరు పెట్టారు. పరాయివాళ్ళు పెట్టి ఉంటే వాళ్ళ నోళ్ళకు పనిలేదనుకుని ఊరుకోవచ్చు. పెట్టింది సొంత అన్న.

ఆరేళ్ళ కిందట ఇద్దరూ ఒకే షాపులో ఒకే బల్లకు చెరో పక్కన కూర్చుని రిపేర్లు చేసేవారు. మాటలు అన్నవి, పని చెల్లెలిది. ఒకరోజు షాపు నిండా జనం ఉండగా ఒక డ్రైవరు గారి రిసీవర్‌కి సాఫ్ట్‌వేర్ ఎక్కుతోంది. అంకె తొంభై ఏడు దగ్గర ఆగింది. అక్కడ ఆగడం ఆ పెట్టెకు మామూలే. అప్పటిదాకా తీసుకున్నదంతా లోపల శాశ్వతంగా రాసుకునేది ఆ అంకె దగ్గరే, పాత మోడల్ అయితే పదకొండు నిమిషాలు పడుతుంది. పని తెలిసినవాళ్ళు అంకెను చూడరు, ముందువైపున్న చిన్న ఎర్ర దీపాన్ని చూస్తారు. అది వెలిగి ఆరుతున్నంతసేపూ పెట్టె బతికే ఉన్నట్టు. అన్నకు ఇది తెలియక కాదు, పదిసార్లు చెప్పింది. కానీ కదలకుండా ఉన్నదాన్ని చూస్తే ఆయనకు ఒంటి మీద తేళ్ళు పాకినట్టుంటుంది. లిఫ్టు రాకపోతే బటన్ని పదిసార్లు నొక్కే రకం. "హ్యాంగయిపోయింది" అని గొణిగి గోడకున్న ప్లగ్గు పీకేశాడు. పెట్టె మళ్ళీ లేవలేదు.

ఆ క్షణాన చెల్లెలి రెండు చేతులూ వేరే బోర్డు మీద ఉన్నాయి. డ్రైవరు కేకలు మొదలుపెట్టగానే అన్న ఆమె వైపు వేలు చూపించాడు. "మా చెల్లి చెయ్యి అంతేనండీ. తొంభై ఏడు దాకా తెస్తుంది, అక్కడ పీక పిసుకుతుంది." జనం పగలబడి నవ్వారు. ఆమె చేతిలో ఉన్న బోర్డు మీదికి తల వంచింది. పదిమందిలో అన్న పరువు తీయడమెందుకు, సాయంత్రానికి ఆయనే సర్దిచెబుతాడులే అనుకుంది. ఆయన సర్దిచెప్పకపోగా, నవ్వు బాగా పండిందని మర్నాడు ఇంకో నలుగురికి చెప్పాడు. నెల తిరక్కుండా ఆ మాటే ఆమెకు పేరయింది. ఆమెను పెట్టె ముట్టుకోనివ్వొద్దని కస్టమర్లే అనడం మొదలుపెట్టారు. "కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండమ్మా" అన్నాడు అన్న. ఆ కొన్నాళ్ళు ఆరేళ్ళయ్యాయి.

ఇప్పుడామె రెండు గదుల పోర్షన్‌లో, ముందు గదినే షాపు చేసుకుంది. రిమోట్లు, చార్జర్లు, పిల్లల బొమ్మలు వస్తాయి. రిసీవర్ మాత్రం ఒక్కటీ గడప తొక్కలేదు. అయినా పాత కంప్యూటర్‌నూ, పెట్టెకూ దానికీ మధ్య వేసే సీరియల్ కేబుల్‌నూ దుమ్ము పట్టనివ్వలేదు. ఏ మోడల్‌కి ఏ సాఫ్ట్‌వేరో అన్నీ దాచి పెట్టుకుంది. కోపాన్నీ అంతే జాగ్రత్తగా దాచుకుంది. కొందరు కోపాన్ని దిగమింగుతారు, ఈమె రోజూ కాస్త నమిలేది. ఆమెకు కావలసింది ఒక్కటే. పీకింది నేనేనని అన్న తన నోటితో, బయటి మనిషి ముందు అనాలి.

ఆ మంగళవారం పొద్దున పదకొండింటికి టైలరమ్మ వచ్చింది. ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆమె కుట్టినవే. చంకలో రిసీవర్, వెనకాల ముఖం మాడ్చుకున్న అన్న. మనిషి కాస్త ఒళ్ళు చేశాడు, జుట్టుకి రంగు వేస్తున్నాడు.

"మీ అన్నయ్యగారు చేతులెత్తేశారమ్మా," అంది టైలరమ్మ. "నిన్న సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుంటే మధ్యలో కరెంటు పోయిందట. అప్పట్నుంచి ‘బూట్’ అని చూపించి కూర్చుంది. ఇందులో మా అమ్మాయి ఈత పోటీ ఉంది, టీవీలో వచ్చినప్పుడు రికార్డు చేశాను. డిస్కు తీసి ఇంకో పెట్టెలో పెడితే రాదంటగా?"

"రాదండీ. రాసుకున్న పెట్టే చదవాలి."

"అందుకే ఈయన్ని లాక్కొచ్చాను. కేబుల్ మీ దగ్గరే ఉందట. మరి మీరు తొంభై ఏడు దగ్గర..." టైలరమ్మ నాలుక కరుచుకుంది.

అన్న గోడ మీద క్యాలెండర్ చదువుతున్నాడు, పోయిన నెలది. కరెంటు పోయిందన్న మాట ఆమె మనసులో గుచ్చుకుంది. నిన్నంతా ఇక్కడ కరెంటు ఉంది, ఆమె పని చేస్తూనే ఉంది. అన్న షాపు రెండు వీధుల అవతలే, అదే లైను. ఒక్క నిమిషం కూడా పోలేదు.

లోపలికి వెళ్ళి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చింది. మూత విప్పి, కేబుల్ తగిలించి, గదిలో ఉన్న చిన్న టీవీకి కలిపి, పెట్టె వైరును బల్ల కింద ఉన్న యూపీఎస్‌కి పెట్టింది. యూపీఎస్ ప్లగ్గు గోడకు, అన్న కూర్చున్న కుర్చీ పక్కనే. గోడ నుంచి కరెంటు రాకపోయినా దాని లోపలి బ్యాటరీ పెట్టెను అరగంట నడుపుతుందని ఆమెకు తెలుసు. అన్న బల్ల కింద చూడలేదు. బల్ల కింద చూసే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు.

పెట్టె ముందువైపున్న గుండీ నొక్కి పట్టుకుని స్విచ్ వేసింది. ప్రాణం ఇంకా ఉంటే, పెట్టె లేవగానే రెండు సెకన్లు బయటి మాట వింటుంది. ఆ రెండు సెకన్లలో కంప్యూటర్ నుంచి పిలవాలి. మొదటిసారి పలకలేదు. రెండోసారీ పలకలేదు. టైలరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడోసారి కంప్యూటర్ మీద అక్షరాలు గబగబా పరుగెత్తాయి. "పలికింది," అంది చెల్లెలు.

అంకె నడిచింది. నలభై, డెబ్భై, తొంభై. తొంభై ఏడు దగ్గర ఆగింది.

ఆమె లేచింది. "నేను అన్నం వార్చి వస్తాను. ఇది పది పదకొండు నిమిషాలు కదలదు. ఈ ఎర్ర దీపం ఆడుతున్నంతసేపూ ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు. విన్నావా అన్నయ్యా?"

"నాకు చెప్తావేంటి," అన్నాడు అన్న.

వంటింటి తలుపుకు తెర ఉంది. ఆమె దాని వెనక నిలబడింది. పొయ్యి మీద అన్నం దాని మానాన అది ఉడుకుతోంది. మూడో నిమిషంలో అన్న కాలు ఊపడం మొదలుపెట్టాడు. అయిదో నిమిషంలో గడియారం చూశాడు. పీకు, అనుకుంది ఆమె. మనసారా, పళ్ళు బిగబట్టి అనుకుంది. ఆరేళ్ళలో ఎవరికీ ఇంతగా చెడు కోరుకోలేదు. పీకు అన్నయ్యా, నీకు పుణ్యముంటుంది.

ఏడో నిమిషంలో అన్న వంగాడు. "ఆగిపోయిందండీ ఇది. ఇలాంటివి వెయ్యి చూశాను. ఒకసారి తీసి పెడితే సరి."

"వద్దండీ, ఆవిడ ముట్టుకోవద్దంది!"

"దానికేం తెలుసు," అని ప్లగ్గు పీకేశాడు.

టైలరమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యయ్యో, పీకేశాడమ్మా! మా అమ్మాయి పోటీ!"

బల్ల కింద యూపీఎస్ కుయ్ కుయ్ మని అరవసాగింది. పెట్టె మీద ఎర్ర దీపం మాత్రం వెలుగుతూ ఆరుతూనే ఉంది.

"పీకనివ్వండి," అంటూ చెల్లెలు తెర తొలగించుకుని వచ్చింది. చేతిలో గరిటె ఉంది. "పెట్టె బ్యాటరీ మీద ఉంది. ఏమీ కాదు."

అన్న ప్లగ్గు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. టైలరమ్మ చూపు ఆ ప్లగ్గు మీద పడింది, తర్వాత ఆయన ముఖం మీద పడింది. పీసు గుడ్డలో అర అంగుళం తేడాను దూరం నుంచే పట్టేసే మనిషి ఆమె.

"నిన్న మా పెట్టెకి కరెంటు పోయిందన్నారే?"

అన్న ప్లగ్గును మెల్లిగా కింద పెట్టాడు.

"నిన్న కరెంటు పోలేదండీ," అంది చెల్లెలు. "ఆరేళ్ళ కిందట డ్రైవరు గారి పెట్టె పోయినప్పుడూ పోలేదు. ఆ రోజు ప్లగ్గు ఎవరు పీకారో మా అన్నయ్యనే అడగండి."

పదో నిమిషం దాకా ఆయన నోరు తెరవలేదు. చెల్లెలు కదలకుండా నిలబడింది. కదలనిదాన్ని చూస్తూ ఆయన ఎంతసేపు ఓర్చుకోగలడో ఆమెకు తెలుసు.

"నేనే," అన్నాడు చివరికి. "ఆ రోజు పీకింది కూడా నేనే."

అప్పుడే తెర మీద వంద పడింది. పెట్టె ఒకసారి ఆరి, లేచి, జాబితా చూపించింది. పదకొండు సెకన్లలో నీలిరంగు కొలనులోకి ఆరుగురు పిల్లలు దూకారు. "మూడో వరస, మూడో వరస మాది!" అని టైలరమ్మ ఏడుస్తూ నవ్వింది. పెట్టెను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని గడప దాటుతూ ఆగింది. "సాయంత్రం కొలతలకి పదిమంది వస్తారు. ఒక్కొక్కరికీ చెప్తాను. ఇక ఎవత్తె ఆ పేరుతో పిలుస్తుందో చూస్తాను."

చెల్లెలికి కడుపు చల్లబడింది. సిగ్గేమీ వేయలేదు. అన్న ముఖంలో నెత్తురు చుక్క లేకపోవడం చూసి, ఇంకాసేపు చూద్దామని కూడా అనిపించింది.

అన్న గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు. "నేను పీకుతానని ముందే అనుకున్నావు కదా. ఒకవేళ పీకకపోయుంటే ఏం చేసేదానివి?"

ఈ ప్రశ్న ఆమె ఎన్నడూ వేసుకోలేదు. నోటికి వచ్చిందే అనేసింది. "అన్నం పెట్టి పంపేదాన్ని."

అనేశాక గుర్తొచ్చింది, వాళ్ళు వచ్చాక కడిగిన బియ్యం తనకూ అన్నకూ, ఇద్దరికి సరిపడా కొలిచిందని. అన్నం పెట్టేదాన్నన్న మాట అన్న విన్నాడు. చెప్పులు వేసుకోకుండా కాసేపు ఆగాడు. లోపలికి రమ్మంటుందేమోనని ఆగాడని ఆమెకు తెలుసు. అనలేదు. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆమె తలుపు వేసి, యూపీఎస్ ప్లగ్గు గోడకు పెట్టి, పళ్ళెం ముందు కూర్చుంది. ఆ పూట ఇద్దరి అన్నమూ తనే తింది.