ఆ అప్‌డేట్ చేసింది నేను

2021లో వనపర్తిలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నేను టీమ్ లీడ్‌ను. గద్వాల చీరల అంచు డిజైన్‌ను జకార్డ్ మగ్గానికి కావలసిన అట్టలుగా మార్చే ప్రోగ్రామ్ తయారుచేస్తున్నాం. అట్టలో రంధ్రం ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. అంచు మీద బొమ్మ అలా పడుతుంది. ప్రోగ్రామ్‌ను పరీక్షించే పని సుగుణది. ఉప్పునుంతల దగ్గర కూలి చేసుకునే ఇంటి నుంచి చదువుకుని వచ్చింది. కాంట్రాక్టు మీద పనిచేసేది. ఇది సాఫీగా ముగిస్తే పర్మనెంట్ చేస్తానని మా యజమాని ఆమెకు మాట ఇచ్చాడు.

పరీక్షలు వర్చువల్ మెషీన్‌లో జరిగేవి. అంటే, కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన మరో కంప్యూటర్. సుగుణ గద్వాల వెళ్లి, మా ప్రోగ్రామ్ మొదట వాడబోయే నేతగాడు నర్సింహులు పాత కంప్యూటర్‌లో ఏ లైబ్రరీ ఏ వెర్షనో నోట్‌బుక్‌లో రాసుకొచ్చి, అచ్చం అలాంటి మెషీన్‌నే కట్టింది. లైబ్రరీ అంటే బొమ్మ ఫైలు చదవడం వంటి పనులకు ప్రోగ్రాములన్నీ వాడుకునే ఉమ్మడి సరంజామా. అంత ఓపిక నేను మరొకరిలో చూడలేదు.

అప్పగించే ముందురోజు రెండు టెస్టులు ఫెయిలయ్యాయి. సుగుణ సెలవులో ఉంది. నేను ఆ మెషీన్‌లో లైబ్రరీలన్నీ అప్‌డేట్ చేశాను. అన్నీ పాసయ్యాయి. ఎందుకు పాసయ్యాయో ఆలోచించలేదు. ఆమె పేరు మీదే రిపోర్టు పంపేశాను.

వారం తిరక్కుండానే నర్సింహులు ఫోన్.

"సారూ, గిదేంది? మీ హంసకు మెడ ఏడ వోయింది? కోసుకొని వండుకున్నరా?"

అతని కంప్యూటర్‌లోని పాత లైబ్రరీ, దాదాపు ఒకేలా ఉన్న రెండు రంగులను ఒకటిగా చదివింది. డిజైన్‌లోని హంస మెడ అంచు రంగులో కలిసిపోయింది.

"సుగుణా, నువ్వేం చూసినవమ్మా?" అని యజమాని అందరి ముందు అడిగాడు. నేను నా స్క్రీన్ వైపు తిరిగి పని చేసుకుంటున్నట్టు కూర్చున్నాను.

గంటలో ఆమె నోట్‌బుక్‌తో నా దగ్గరకు వచ్చింది. "సార్, నేను రాసుకున్న వెర్షన్ వేరు, ఇప్పుడున్నది వేరు. అప్‌డేట్ మీ లాగిన్ నుంచే అయింది. మీరు చెప్తరా, నన్ను చెప్పమంటరా?"

"నేనే చెప్త," అన్నాను. నమ్మింది.

పాత వెర్షన్లతో మెషీన్ మళ్లీ కట్టి, తప్పు ఎక్కడుందో ప్రోగ్రామర్‌కు చూపించి, రెండు రోజుల్లో సరిచేసిన ప్రోగ్రామ్‌ను తానే గద్వాల తీసుకెళ్లింది. కొత్త అంచు చూసి నర్సింహులు నాకు ఫోన్ చేశాడు: "గీ బిడ్డది మగ్గమోళ్ల కన్ను సారూ. ఒక్క పోగు తప్పినా పట్టుకుంటది."

నేను మాత్రం చెప్పలేదు. ఇవ్వాళ, రేపు అనుకుంటుండగానే నెలాఖరు వచ్చింది. ఆమె కాంట్రాక్టు ముగిసిందన్నారు. వెళ్తూ కూడా నా పేరు ఎత్తలేదు.

పరీక్ష పాసయిందంటే సంతోషించే ముందు, ఏ మెషీన్ మీద, ఏ వెర్షన్ల మీద పాసయిందో అడగాలని ఇప్పుడు కొత్తవాళ్లకు చెబుతుంటాను. అది నాకు నేర్పింది ఆమే. ఇది రాసే ముందు సుగుణకు ఫోన్ చేసి, పేరు మార్చి రాయమంటావా అని అడిగాను.

"వద్దు సార్. నా పేరే పెట్టున్రి," అంది. "అప్పుడు తప్పుకు పెట్టింది గూడ నా పేరే గద."