జోజప్ప చెప్పు కాదు, లూసియానా

మిస్ వీటా గ్వారినోకి శుక్రవారం వస్తే ఒళ్లు మంట. వారం మొత్తానికీ భూగోళానికి దొరికేది శుక్రవారం మధ్యాహ్నం ఆఖరి పీరియడు ఒక్కటే. దాని మీద కన్ను వెయ్యనివాళ్లు సెయింట్ నిన్ఫా బడిలో లేరు. ఈస్టరు ముందు తపస్సుకాలంలో సిలువమార్గం ప్రార్థన, ఆ తర్వాత తొలి సత్ప్రసాదం రిహార్సలు, మే నెలలో మరియమాతకి కిరీటం పెట్టే రిహార్సలు, మధ్యమధ్యలో చేపల వేపుడు అమ్మకానికి కుర్చీలు మోయించడం. "ఈ ఒక్కసారికి పిల్లల్ని పంపండి మిస్" అంటూ తలుపు దగ్గర ఎవరో ఒకరు ప్రత్యక్షం. ఆ ఒక్కసారి పాతికేళ్లుగా నడుస్తోంది. ఆమె పాఠంలో నైలు నది సముద్రం దాకా చేరిన ఏడాది ఒక్కటీ లేదు.

ఆ మార్చిలో హెడ్మిస్ట్రెస్ సిస్టర్ లియోనా ఆమెని గదికి పిలిపించింది. బిషప్ గారి విద్యా కార్యాలయం నుంచి ఒకాయన వస్తున్నాడట. ఏసు పెంపుడు తండ్రి, వడ్రంగి జోజప్ప పండగ మర్నాడు నాలుగో తరగతిని చూస్తాడట. పిల్లలకి ఏమైనా వచ్చినట్టు కనిపిస్తే భూగోళం ఉంటుంది, లేకపోతే రీడింగులో కలిపేస్తారు.

"కలపడమంటే ఏమిటి సిస్టర్?"

"పుస్తకంలో ఎక్కడైనా ఊరి పేరు తగిలితే అదెక్కడుందో చెప్పడం."

"అంటే తీసెయ్యడం."

"ప్రతిదానికీ అలా కస్సుమంటే ఎలా వీటా? ప్రార్థన చేసుకోండి."

వీటా ప్రార్థన చెయ్యలేదు, పిండి కలిపింది. మైదా, అందులో సగం ఉప్పు, నీళ్లు. గట్టిపడాల్సిన పిండి అది, తినేది కాదు. పిల్లలంతా చుట్టూ మూగి దాన్ని ఒత్తి, గిల్లి, సాగదీసి తాముండే అమెరికా రాష్ట్రం లూసియానా పటం చేశారు. మిసిసిపీ నదిని నీనా తూసా బొటనవేలితో గీసింది. బడిలో ఓవెన్ లేదు కాబట్టి పండగ ముందురోజు చర్చి హాలు వంటింట్లో కాల్చి, మర్నాటికల్లా బాగా ఆరాలని అక్కడే గట్టు మీద పెట్టి గుడ్డ కప్పింది. ఆయన వచ్చేరోజు పొద్దున్నే రంగులు వేయిద్దామనుకుంది. ఒక చీటీ అతికించి ఉంటే పోయేది. తమ రాష్ట్రం ఎలా ఉంటుందో ఆ చర్చికి వచ్చే అందరికీ తెలుసనుకుంది, పిచ్చిది.

పండగనాడు మధ్యాహ్నం హాలు కిటకిటలాడుతోంది. ఇటలీలోని సిసిలీ నుంచి వచ్చి స్థిరపడ్డ మా ఆడవాళ్లు జోజప్పకి మొక్కు భోజనాల బల్లని మూడు మెట్లుగా కట్టి, ఆయన నిచ్చెన, రంపం, సుత్తి, చేతికర్ర అన్నీ రొట్టెలుగా కాల్చి పేర్చారు. ఫాదర్ గస్పార్ అప్పటికే దీవెన నీళ్లు చల్లేశాడు. వీటా పాస్తా పళ్లెంతో లోపలికొచ్చి తలెత్తి చూసింది. పై మెట్టు మీద నిచ్చెనకీ రంపానికీ మధ్య, చుట్టూ అంజూర బిస్కెట్లూ లిల్లీపూలూ పెట్టించుకుని, తన లూసియానా! నీనా వాళ్లమ్మ రోజలీ మాంసం కొట్టే సుత్తి పుచ్చుకుని అందరికీ పంచడానికి దాన్ని ముక్కలు చేస్తోంది.

"రోజలీ! ఆగు! ఏం చేస్తున్నావే?"

"ఈ చెప్పు ఎవరు కాల్చారో గానీ మిస్, రాయనుకోండి! సుత్తికి కూడా లొంగట్లేదు."

"చెప్పేమిటి?"

"జోజప్ప చెప్పు మిస్. ఇదిగో మడమ, ఇవి వేళ్లు. ఒంటి చెప్పేమిటా అనుకున్నాం. రెండోది మాడిపోయుంటుందిలే అంది మా అమ్మ."

"అది లూసియానా!"

పక్కన ముసలి పస్కాలే ఒక ముక్క బుగ్గన పెట్టుకుని తంటాలు పడుతున్నాడు. "ఉప్పు కాస్త ఎక్కువైంది" అన్నాడు. "దీవించిన రొట్టెకి వంకలు పెట్టకు, మింగు" అని పెళ్లాం గదమాయించింది.

"నీ రాష్ట్రం నీకు తెలీదుటే?" వీటా గొంతు హాలంతా వినబడింది. "నాలుగో తరగతి నా దగ్గరే కదా వెలగబెట్టావు! పటం గీయించలేదూ?"

"నాకు గీయించలేదు మిస్. ఆ ఏడు మరియమాతకి కిరీటం పెట్టిన పిల్లని నేనేగా. శుక్రవారాలన్నీ రిహార్సలుకే పోయాయి. మీరే వెళ్లమన్నారు."

రోజలీ జాలిపడి, మడమ ముక్క ఒకటి వీటా చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున ముక్కలు పట్టుకురమ్మంటే పిల్లలందరూ ఖాళీ చేతులతో వచ్చారు. దీవించిన రొట్టె వెనక్కి ఇవ్వకూడదట. అది ఇంట్లో దాచుకోవాలి, తుపానొస్తే పెరట్లోకి విసరాలి, అప్పుడు గాలి తగ్గుతుంది. ఇది వీటాకి మాత్రం తెలీదా! ఆమె ఇంట్లోనూ ఫ్రీజర్లో ఉంది మడమ.

కార్యాలయం నుంచి వచ్చిన హారిగన్ మెత్తటి మనిషి. చేతులు వెనక్కి కట్టుకుని అడిగాడు: "మిసిసిపీ నది సముద్రంలో ఎక్కడ కలుస్తుంది?"

నీనా లేచింది. "మా ఫ్రీజర్లో సర్."

వీటా కళ్లు మూసుకుంది. నీనా ఆగలేదు. "మాది వేళ్ల ముక్క సర్. బాటన్ రూజ్ టోనీ వాళ్లింట్లో ఉంది. అక్కణ్ణించి నది వెంట దిగితే న్యూ ఆర్లీన్స్, అది ఫాదర్ గారి దగ్గరుంది. అదీ దాటితే మాది. మా తర్వాత ముక్కల్లేవు, నీళ్లే."

"ష్రీవ్‌పోర్ట్ మా అమ్మమ్మ దగ్గర" అని వెనక బల్ల నుంచి ఇంకో పిల్ల అరిచింది. "ఏసు తిరుహృదయం పటం వెనకాల. అది పైన ఎడమ మూలది సర్!"

గోడ మీద ఏమీ లేదు, బల్ల మీద ఏమీ లేదు, రాష్ట్రమంతా తరగతిలో నిలబడి ఉంది. వీటా కళ్లలో నీళ్లు తిరిగాయి. హారిగన్ కూడా కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

సాయంత్రం సిస్టర్ లియోనా వెలిగిపోతూ వచ్చింది. "ఎంత మురిసిపోయాడనుకున్నారు! దీవించిన రొట్టె మీద ఇంత భక్తి ఏ బడి పిల్లల్లోనూ చూడలేదట."

"భూగోళం సంగతి?"

"రీడింగులో కలిపెయ్యమన్నాడు. ఆ శుక్రవారం పీరియడు ప్రార్థనకి ఇస్తే ఈ పిల్లలు ఇంకా బాగుపడతారట."

వీటా ఖాళీ తరగతిలోకి వెళ్లి తలుపేసుకుని సుద్దముక్కల డబ్బా గోడకేసి కొట్టింది. తర్వాత ఒక్కొక్క ముక్కా తనే ఏరుకుంది.

సెప్టెంబరులో తుపాను వచ్చింది. బడికి సెలవు, కిటికీలకి చెక్కలు. మధ్యాహ్నం ఫోను మోగింది.

"మిస్, నేను నీనాని. అమ్మ ముక్క విసరబోతోంది. తుపాను దక్షిణం నుంచి కదా, అటే విసరాలి కదా? అమ్మేమో వీధివైపు అంటోంది. అది ఉత్తరం!"

"అమ్మకివ్వు."

"తొందరగా చెప్పండి మిస్, తలుపు ఊడొచ్చేలా ఉంది" అంది రోజలీ. "నదివైపో అవతలివైపో చెప్పండి. దక్షిణం అంటే నాకేం తెలుసు?"

"పొద్దున ఎండ నీకు ఎటునుంచి కొడుతుంది?"

"వంటింటి కిటికీలోంచి."

"దానికి ఎదురుగా నిలబడు. నిలబడ్డావా? కుడిచెయ్యి చాపు."

"చాపాను." కాసేపు గాలి హోరు. "ఓహో! అయితే మిస్, ఇదేనా—"

లైను తెగిపోయింది.

"రోజలీ! రోజలీ!" ఎవరూ లేరు. పాతికేళ్లకి ఆ పిల్లకి ఒక్క పాఠం మొదలైంది, అదీ మధ్యలోనే పోయింది. వీటా ఫ్రీజరు తెరిచి తన ముక్క తీసింది. పెరటి తలుపు భుజంతో నెట్టుకుని వానలోకి వెళ్లి, దక్షిణానికి తిరిగి, ఉన్న బలమంతా పెట్టి విసిరింది. భక్తితో కాదు, ఒళ్లు మండి.