వదిన చెయ్యి దించితేనే

పోయిన ఏడాది క్లబ్బు వార్షికోత్సవం నాడు ఒక తారాజువ్వ పుల్ల ఆకాశం నుంచి తిరిగొచ్చి సెక్రటరీ గారి కాఫీ కప్పులో నిటారుగా దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. సెక్రటరీ గారు దాన్ని చెంచా అనుకుని రెండుసార్లు తిప్పి, ఒక గుక్క తాగి, పంచదార తక్కువైందన్నారు. పక్కనే కూర్చున్న నేను నోరు మెదపలేదు. బాణసంచా మా వదినది. పైగా మనిషి తాగేశాక చెప్పి లాభం ఏముంది?

వదినకి ఈ పని వాళ్ళ నాన్న దగ్గర అబ్బింది. గడియారాలు బాగుచేసుకునే మా అన్నయ్యకి ఆమెతో పెళ్ళయ్యాక అబ్బింది. మైదానం చివర ఇసకలో పాతిన ఇనప గొట్టాల దగ్గర అన్నయ్య పొడుగాటి కర్రకి వత్తి కట్టుకుని నిలబడతాడు. వదిన ఆకాశానికి వీపు పెట్టి, జనం వైపు తిరిగి, చెయ్యి పైకెత్తి నిలబడుతుంది. ఆ చెయ్యి దించితే అన్నయ్య వెలిగిస్తాడు. ఇంట్లోనూ అదే ఏర్పాటు.

గొట్టంలోంచి బాణసంచా గుండు పైకి లేచి పగులుతుంది. జనం "ఓ..." అంటారు. ఆ "ఓ" చల్లారి, పొగ పక్కకి జరిగి, ఎవరో ఒకరు "అయిపోయిందా?" అని పక్కవాళ్ళని అడిగేదాకా వదిన చెయ్యి దిగదు. ఆ అడిగే మనిషి కోసమే ఆమె జనం ముఖాల్లో వెతుకుతుంది. తన గుండ్లు ఎలా పగులుతాయో మా ముఖాల్లో చూడ్డమే తప్ప, ఆమె తలెత్తి చూసిన పాపాన పోలేదు.

"నోట్లో ముద్ద దిగకముందే ఇంకో ముద్ద కుక్కితే రుచేం తెలుస్తుంది మరిదీ?" అంటుంది.

అందరికీ నచ్చుతుందని కాదు. మా ఆవిడకి మధ్యమధ్యలో కునుకు పడుతుంది.

ఈ ఏడాది సెక్రటరీ గారు ముందే ఇంటికొచ్చారు.

"మధ్యలో ఖాళీ ఉండకూడదమ్మా. జనానికి విసుగు. మాట వినకపోతే వచ్చే ఏడాది పట్నం వాళ్ళని పిలుస్తాం. వాళ్ళకైతే మీట నొక్కితే చాలు, అయిపోతుంది."

"అయిపోతుందనే కదండీ నా బాధ," అంది వదిన.

ఆయన వాదించలేదు. వార్షికోత్సవం నాడు వేదిక మీద మైకు పెట్టించి, దాని ముందు పరుపుల కొట్టు యజమానిని నిలబెట్టారు. ఖాళీలు పూడ్చడానికి.

మొదటి గుండు బంగారు రంగులో విచ్చుకుంది. జనం నోళ్ళు తెరిచారో లేదో, "చూశారా! బంగారు వర్షం! మీకు సమర్పిస్తున్నవారు మన పరుపుల కొట్టు!" అని మైకు అరిచింది. తెరిచిన నోళ్ళు మూతపడ్డాయి. రెండోదానికీ అంతే. మూడోదానికి వదిన చెయ్యెత్తింది. ఇక దించలేదు.

వేదిక మీది దీపం వెలుతురు తప్ప మైదానం చీకటి. సెక్రటరీ గారు నన్ను వదిన దగ్గరికి తరిమారు. ఇసకలో పడుతూ లేస్తూ వెళ్ళాను.

"వదినా, వెలిగించమంటున్నారు."

"ముందు ఆయన్ని నోరు ముయ్యమను."

ఆ మాట ఆ మాటగా మోసుకెళ్ళే ధైర్యం నాకెక్కడిది? వేదిక దగ్గరికి తిరిగెళ్ళి, "గాలి అనుకూలించాలట, కాస్త నిశ్శబ్దంగా ఉంటే..." అన్నాను. పరుపులాయన వెంటనే అందుకున్నాడు. "గాలి కోసం ఎదురుచూస్తున్నాం! గాలి బాగా ఆడే పరుపుల కోసం..."

మళ్ళీ పరిగెత్తాను. వదిన చెయ్యి వణుకుతోంది. దించిందంటే అన్నయ్య ముట్టించేస్తాడు, ఆయనకి తెలిసిన సైగ అదొక్కటే.

"చూస్తావేంటయ్యా? మోచెయ్యి పట్టుకో!"

పట్టుకున్నాను. ఊరు ఊరంతా చూస్తుండగా, జెండా కర్రకి ఊతం ఇచ్చినట్టు, వదిన చెయ్యి మోస్తూ నిలబడ్డాను.

"ఆ చెయ్యి దించండమ్మా, ఇళ్ళకి పోవాలి!" అని ఒకరు.

"చెయ్యి సంగతి సరే, ముందు ఆ మైకు ఆపండ్రా బాబూ!" అని ఇంకొకరు.

"మానేద్దామా వదినా?" అన్నాను, గొంతు తగ్గించి. "వచ్చే ఏడాది పిలవరేమో."

"పిలవకపోతే పోనీ. పిలిచిన ఏడాది మాత్రం నా పద్ధతే."

పరుపులయ్యాయి, దిండ్లయ్యాయి, దిండు గలీబులయ్యాయి. పరుపులాయనకి గొంతు పట్టేసింది. దగ్గి, నీళ్ళ గ్లాసు ఎత్తాడు. ఆ నిశ్శబ్దంలో వెనక వరస నుంచి ఒక ముసలాయన పక్కావిడని అడిగాడు.

"అయిపోయిందా?"

వదిన నా చేతుల్లోంచి చెయ్యి లాక్కుని దించింది.

మూడో గుండు తెల్లటిది. పైదాకా చప్పుడు లేకుండా వెళ్ళి, విచ్చుకుని, ఎక్కడికీ తొందర లేనట్టు దిగింది. "ఓ..." అన్నది జనం మాత్రమే కాదు. గ్లాసు ఒక చేత్తో, మైకు ఇంకో చేత్తో పట్టుకున్న పరుపులాయన కూడా అన్నాడు. అది మైకులో అందరికీ వినపడింది. ఆ తర్వాత ఆయన సిగ్గుతో మాట్లాడలేదు.

అంతా ముగిశాక జనం రెండు జట్లుగా విడిపోయి తిట్టుకుంటూ వెళ్ళారు. మా ఆవిడ మాత్రం తనకీసారి కునుకు పట్టలేదంది. ఆవిడ దృష్టిలో అది మెచ్చుకోలే.

అన్నయ్య గొట్టాలు పెరుకుతున్నాడు. వదిన ఒక పెట్టె మీద కూర్చుని భుజం రుద్దుకుంటోంది. సెక్రటరీ గారు విసవిసా వచ్చారు.

"ఒక్క మాటా వినలేదు మీరు! ముఖ్య అతిథిని కూడా చీకట్లో కూర్చోబెట్టారు! వచ్చే ఏడాది కచ్చితంగా పట్నం వాళ్ళనే పిలుస్తాం, తెలుసా?"

వదిన భుజం రుద్దుకోవడం ఆపలేదు.

"తప్పకుండా పిలవండి, ముందు వరసలో నాకో కుర్చీ కూడా వేయించండి, ఇన్నేళ్ళొచ్చాయి గానీ బాణసంచా ఎలా ఉంటుందో నేనింకా చూడలేదు."