గోడవైపు తిరిగి కుట్టిన కాజాలు

దర్జీ మాస్టారు పోయినప్పుడు ఎవరో మా చిన్నత్తని చూపించి, "ఆయన తీర్చిదిద్దిన శిష్యురాలు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఏం తీర్చిదిద్దాడు?

అత్త ఆయన దగ్గర పనికి చేరినప్పుడు నేను బడికి వెళ్ళే పిల్లని. సాయంత్రాలు ఆ దుకాణం మెట్ల మీద కూర్చుని కథల పుస్తకాలు చదువుకునేదాన్ని కనుక అంతా కళ్ళారా చూశాను. మాస్టారు సుద్దముక్క తీశాడంటే శిష్యులంతా గోడవైపు తిరిగి కాజాలు కుట్టుకోవాలి. కాలరూ, చంకా కోయడం అయ్యాక "ఊఁ, ఇక తిరగండి" అనేవాడు. ఏళ్ళ తరబడి అదే చదువు. మధ్యమధ్య నేల ఊడవడం, టీ గ్లాసులు కడగడం.

అత్తకి అక్కరకొచ్చింది ఆ ఊడవడమే. కింద పడ్డ పీలికలు ఇంటికి తెచ్చి, పాత దుప్పటి మీద అంచుకి అంచు చేర్చి పేర్చేది. వాటి మధ్య మిగిలిన ఖాళీయే మాస్టారు కోసిన చొక్కా ఆకారం. అలా నేర్చుకుంది.

తరవాత మా ముందుగదిలో నలుగురు ఆడపిల్లలకి నేర్పడం మొదలుపెట్టింది. మొదటిరోజే కత్తెర వాళ్ళ చేతికిచ్చింది.

సంగతి తెలిసి మాస్టారు ఊగిపోతూ వచ్చాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెడతావుటే?"

"మీ ఇంట్లో తిన్నదేముంది మాస్టారూ, గ్లాసులు కడిగానంతే."

"నోరు బాగానే లేచింది! కాజాలు, గుండీలు నేర్పుకో, కాదనను. కోత నేర్పావో, ఈ పిల్లల్ని ఏ దుకాణం గడపా తొక్కనివ్వను. అందరికీ చెప్పే వచ్చాను."

నాన్న కుర్చీలోంచి లేచి, "పెద్దాయన, చెల్లాయ్. సరేనంటే పోయేదేముంది?" అన్నాడు.

"వీళ్ళ బతుకు పోతుందన్నయ్యా. జీవితమంతా గుండీలు కుట్టుకుంటూ కూర్చోమనా?" అత్త పిల్లలవైపు తిరిగింది. "ఇలా రండే, బల్ల చుట్టూ నిలబడండి. మాస్టారూ, మీరూ ఉండండి. తప్పు కోస్తే చెబుదురుగాని."

చంక కోత ముందువైపు ఎందుకు లోతుగా పోవాలో చెబుతూ, నెమ్మదిగా, అందరికీ కనిపించేలా కోసింది. తప్పేమీ దొరకలేదు. ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

అన్నంత పనీ చేశాడు. ఆ ఏడాది నలుగురిలో ఒక్కరినీ ఏ దుకాణమూ చేర్చుకోలేదు. ఇద్దరు ఇంటిపట్టునే కుట్టుకుని నిలదొక్కుకున్నారు. ఒకమ్మాయి మానేసింది. నాలుగో పిల్ల తల్లి మా వాకిట్లో నిలబడి అత్తని నోటికొచ్చినట్టు తిట్టిపోసింది. అత్త తలవంచుకుని విని, లోపలికొచ్చి, కొత్తగా చేరిన పిల్లకి కత్తెర పట్టుకోవడం చూపించింది.

తలుపులు మూసినవాళ్ళని మాత్రం ఆ తల్లి ఒక్క మాటైనా అనలేదు. ఊళ్ళో ఎవరూ అనలేదు.